నెలనెలా వచ్చే నొప్పిని ఏ రిజిస్టర్లో రాస్తారు?

(కామవరపుకోటలో ఆదివాసీ యువతీ యువకుల ముందు మాట్లాడినదానికి రాతరూపం)

 

మన మీటింగుల్లో భూమి గురించి మాట్లాడతాం. పోడు పట్టాల గురించి, 1/70 చట్టం గురించి, పోలవరం నిర్వాసితుల ప్యాకేజీ గురించి మాట్లాడతాం. మాట్లాడాల్సిందే. ఈరోజు నేను మాట్లాడేది కూడా హక్కు గురించే. కాకపోతే ఇంతవరకు మన మైకులో ఎవరూ ఎత్తని విషయం. నెలసరి నొప్పి. మగపిల్లలు తల దించుకోనక్కర్లేదు, లేచి బయటికి వెళ్ళనక్కర్లేదు. మీ అమ్మ, మీ అక్క, రేపు మీ ఇంటికొచ్చే అమ్మాయి విషయం ఇది. వినండి.

ఎండోమెట్రియోసిస్ అని ఒక జబ్బు ఉంది. పేరు నోరు తిరగదు. పేరు గుర్తు లేకపోయినా పర్లేదు, సంగతి గుర్తుంటే చాలు. గర్భసంచి లోపల ఒక పొర ఉంటుంది. నెలనెలా అది పెరిగి, ఊడి, నెత్తురుతో బయటికి పోతుంది. అదే ముట్టు. కొంతమందిలో అలాంటి పొరే గర్భసంచి బయట కూడా పెరుగుతుంది. అండాశయాల మీద, పేగుల మీద, మూత్రసంచి మీద, గర్భసంచి వెనకాల. నెలసరి వచ్చినప్పుడు అక్కడ కూడా వాపు వస్తుంది, నెత్తురు ఊరుతుంది. కానీ ఆ నెత్తురు పోవడానికి దారి లేదు. లోపలే ఉండి పుండులా సలుపుతుంది. రానురాను మచ్చలు కట్టి ఒక అవయవం ఇంకో అవయవానికి అతుక్కుపోతుంది. అండాశయంలో పాత నెత్తురు చేరి గడ్డలా అయితే దాన్ని చాక్లెట్ సిస్ట్ అంటారు. ఇది అంటువ్యాధి కాదు. క్యాన్సర్ కాదు. ఎవరి తప్పువల్లా రాదు, దిష్టి తగిలి రాదు, గాలి సోకి రాదు.

ఎంతమందికి ఉంటుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలు, ఆడపిల్లల్లో దాదాపు 10 శాతం మందికి. ప్రపంచం మొత్తం మీద 19 కోట్ల మంది. అంటే పదిమందిలో ఒకరు. ఇక్కడ మన ఆడవాళ్ళు ఎంతమంది కూర్చున్నారో మీరే లెక్కేసుకోండి. షుగరు గురించి ఊరూరా బోర్డులు ఉన్నాయి. దీని గురించి ఒక్క బోర్డు నేను చూడలేదు.

మరి డాక్టర్లు ఎందుకు కనిపెట్టట్లేదు? ఇదే అసలు ప్రశ్న. డాక్టర్లను తిట్టడానికి నేను రాలేదు. తిడితే చప్పట్లు వస్తాయి, కానీ ఒక్క అక్క నొప్పి కూడా తగ్గదు. వాళ్ళకు ఎక్కడ అడ్డం పడుతోందో తెలిస్తేనే మనం ఏం అడగాలో తెలుస్తుంది.

మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ అనే పద్ధతి వచ్చింది. 2022 అక్టోబరులో ప్రయోగంగా మొదలుపెట్టి, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. పదివేలకు పైగా విలేజ్ హెల్త్ క్లినిక్‌లు అన్నారు. ప్రతి పిహెచ్‌సిలో ఇద్దరు డాక్టర్లు ఉండాలి, ఒకరు పిహెచ్‌సిలో ఓపీ చూస్తుంటే ఇంకొకరు 104 బండిలో ఊళ్ళకు రావాలి, ఉదయం క్లినిక్‌లో చూసి, మధ్యాహ్నం మంచం మీద ఉన్నవాళ్ళ ఇళ్ళకు, అంగన్‌వాడీకి, బడికి వెళ్ళాలి అన్నారు. క్లినిక్‌లో 14 రకాల పరీక్షలు చేయాలన్నారు. ప్రభుత్వం మారింది, కొన్ని బోర్డుల మీద పేర్లు మారాయి. పేరు ఏదైనా పెట్టుకోండి. ఊరికి డాక్టరు రావడం అనే ఆలోచన మంచిది, దాన్ని నిలబెట్టుకోవాలి. నేను అడిగేది ఒకటే. ఆ డాక్టరు ఊళ్ళోకొచ్చినప్పుడు ఇరవై రెండేళ్ళ కోయ అమ్మాయి ఆయన ముందు కూర్చుని "కడుపు నొప్పి సార్" అంటే తర్వాత ఏం జరుగుతోంది?

చాలాసార్లు జరిగేది ఇది. బండి దగ్గర వరసలో అరవై మంది ఉంటారు. ముసలివాళ్ళకు బీపీ, షుగరు మాత్రలు ఇవ్వాలి. గర్భిణులను చూడాలి. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు కూడా రావు. డాక్టరు మగాయన అయితే అమ్మాయి సగమే చెబుతుంది. వెనకాల అత్త నిలబడితే ఆ సగం కూడా చెప్పదు. "నడుం లాగుతోంది", "నీరసం", "తెల్లబట్ట", "గ్యాసు" అంటుంది. ఆయన ఐరన్ మాత్ర, గ్యాసు మాత్ర, నొప్పి మాత్ర రాసి "నెక్స్ట్" అంటాడు. నెల తిరిగాక మళ్ళీ వస్తే ఆ రోజు ఇంకో డాక్టరు ఉంటాడు. ఆయనకు ముందు నెల సంగతి తెలియదు. ఈ జబ్బును పట్టించే ముఖ్యమైన గుర్తు, నెలనెలా తిరిగి రావడం. ఆ తిరగడం కనబడాలంటే ఒకే మనిషి చూస్తూ ఉండాలి, లేదా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. రెండూ లేవు.

రెండో అడ్డం, ఇది వేరే జబ్బుల వేషం వేసుకుని వస్తుంది. మూత్రం పోసేటప్పుడు నొప్పి అంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకుంటారు. దొడ్డికి వెళ్ళేటప్పుడు నొప్పి, కడుపుబ్బరం అంటే పేగుల జబ్బు అనుకుంటారు. పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట అంటే గర్భసంచికి ఇన్ఫెక్షన్ అని యాంటిబయాటిక్ రాస్తారు. కుడిపక్క నొప్పి అంటే అపెండిక్స్. ఇవన్నీ నిజంగా ఉండే జబ్బులే, కాబట్టి డాక్టరు అనుమానపడటం తప్పు కాదు. మన దేశంలో ఇంకొకటి కూడా ఉంది. గర్భసంచికి, ట్యూబులకు టీబీ వస్తే కూడా ఇలాగే పొత్తికడుపు నొప్పి, పిల్లలు కలగకపోవడం ఉంటాయి. కాబట్టి దాన్ని కూడా చూడాలి. కానీ యాంటిబయాటిక్ ఒకసారి వాడారు, తగ్గలేదు. రెండోసారి వాడారు, తగ్గలేదు. మూడోసారి కూడా అదే మాత్ర రాస్తే అక్కడ ఆగి అడగాలి కదా, "ఇది అసలు ఇన్ఫెక్షనేనా?" అని.

మూడో అడ్డం పరీక్ష. నెత్తురు చుక్క తీసి చెప్పే కిట్టు ఈ జబ్బుకు లేదు. ఆ 14 పరీక్షల్లో ఏదీ దీన్ని పట్టదు. స్కానింగ్‌లో చాక్లెట్ సిస్ట్ ఉంటే కనబడుతుంది. చిన్నచిన్న మచ్చలు మామూలు స్కానింగ్‌లో కనబడవు. అందుకని "స్కానింగ్ నార్మల్ అమ్మా, నీకేం లేదు" అంటారు. ఈ మాట దగ్గరే మన ఆడవాళ్ళు ఓడిపోతారు. స్కానింగ్ నార్మల్ అంటే స్కానింగ్‌లో ఏమీ కనబడలేదని మాత్రమే. జబ్బు లేదని కాదు, నొప్పి అబద్ధమని అసలే కాదు. ఇంటికొచ్చాక మొగుడు, అత్త "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అనడానికి ఆ కాగితమే సాక్ష్యం అయిపోతుంది.

ఒకప్పుడు పొట్టకు చిన్న రంధ్రం పెట్టి, కెమెరాతో లోపల చూసే లాప్రోస్కోపీ చేస్తేనే ఈ జబ్బు ఉన్నట్టు అనేవారు. 2022లో యూరప్ డాక్టర్ల సంఘం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. అందరికీ ముందుగా కెమెరా పెట్టి చూడాల్సిన పని లేదు, లక్షణాలు బట్టి అనుమానం వస్తే మందులు మొదలుపెట్టొచ్చు అని చెప్పింది. ఇది మనలాంటి వాళ్ళకు పెద్ద మాట. ఎందుకంటే దీని అర్థం, పెద్దాసుపత్రి దాకా వెళ్ళకముందే మన పిహెచ్‌సి డాక్టరు ఏదో ఒకటి చేయగలడు.

ఇది మన దగ్గరే ఉన్న రోగం కూడా కాదు. బ్రిటన్‌లో ప్రతి మనిషికీ ఫ్యామిలీ డాక్టరు ఉంటాడు, రిజిస్టర్ అయి ఉంటాడు, కంప్యూటర్లో చిన్నప్పటి నుంచి రికార్డు ఉంటుంది. అక్కడ 2020లో పార్లమెంటు సభ్యుల బృందం ఒక విచారణ చేసింది. ఈ జబ్బు అని తేలడానికి సగటున 8 ఏళ్ళు పడుతోందని తేలింది. సగానికి పైగా ఆడవాళ్ళు జబ్బు పేరు తెలిసేలోపు ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి పదిసార్లకు పైగా తిరిగారు. అన్ని సౌకర్యాలు ఉన్నచోటే ఎనిమిదేళ్ళు. మరి 104 బండి నెలకు ఒకటి రెండుసార్లు వచ్చే చోట?

ఇంకో సంగతి చెప్పాలి. ఇది మన గుండెకు తగలాల్సిన సంగతి. అమెరికాలో చాలాకాలం ఈ జబ్బును చదువుకున్న, డబ్బున్న తెల్ల ఆడవాళ్ళ జబ్బు అనుకునేవారు. నల్లజాతి స్త్రీలు అదే నొప్పితో వస్తే "ఇన్ఫెక్షన్" అని రాసేవారు. అంటే వాళ్ళ నడవడిక మీదే అనుమానం. 1976లో డోనాల్డ్ చాట్‌మన్ అనే డాక్టరు నల్లజాతి స్త్రీలకు లోపల చూసి, ఇన్ఫెక్షన్ అని రాసిన చాలామందికి ఉన్నది ఎండోమెట్రియోసిస్ అని చూపించాడు. జబ్బు అందరిలో ఉంది. చూసే కంటికి కొందరిలో మాత్రమే కనబడింది. "మీవాళ్ళకు శుభ్రం తక్కువ, అందుకే ఇన్ఫెక్షన్లు" అనే మాట మన ఆడవాళ్ళలో ఎంతమంది విన్నారో చేతులెత్తమని నేను అడగను. మీకు తెలుసు.

సరే, జబ్బు కనిపెట్టకపోతే ఏమవుతుంది? నొప్పి ఓర్చుకుంటారు, అంతేనా? అంతే అయితే నేను ఈ మైకు పట్టుకునేదాన్ని కాదు.

నాకు పిన్ని వరసయ్యే ఒకావిడ ఉంది. పేరు చెప్పను, ఊరు చెప్పను. పెళ్ళికాక ముందు నుంచే ముట్టు వస్తే మూడు రోజులు లేచేది కాదు. "పెళ్ళయితే తగ్గిపోద్ది" అన్నారు. పెళ్ళయింది. "ఒక కాన్పు అయితే తగ్గిపోద్ది" అన్నారు. ఒక పిల్లాడు పుట్టాక కొన్నాళ్ళు తగ్గింది, మళ్ళీ మొదలైంది. పొగాకు సీజనులో బ్యారన్ దగ్గర పని, మిగతా రోజుల్లో పామాయిల్ తోటలో పని. నెలకు నాలుగైదు రోజులు కూలి పోయేది. ఆర్‌ఎంపి దగ్గర ఇంజక్షను, మందుల షాపులో మాత్ర. చివరికి ఒకాయన తీసుకెళ్ళి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాడు. "గర్భసంచి పాడైపోయింది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. భయపడి అప్పు చేసి తీయించుకుంది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు లేవు. సంవత్సరం తిరక్కుండానే అదే పక్క, అదే నొప్పి. ఇప్పుడు వేడి ఆవిర్లు, కీళ్ళ నొప్పులు అదనం. అప్పు ఇంకా తీరలేదు. ఆమె చేతిలో ఉన్న డిశ్చార్జి కాగితంలో ఎందుకు తీశారో మాకు అర్థమయ్యేలా ఒక్క మాట లేదు.

ఆమెకున్నది ఎండోమెట్రియోసిసే అని నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాదు. కానీ ఇన్నేళ్ళలో ఆ అనుమానం ఒక్కరికైనా రావాల్సింది. ఒక్కరూ ఆ దిక్కుగా ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇది ఒక్క పిన్ని కథ కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి ఈ లెక్క అడిగింది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో మనదే మొదటి స్థానం. ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. ఎందుకు తీయించుకున్నారంటే ఎక్కువమంది చెప్పిన కారణం నెలసరిలో అధిక రక్తస్రావం, నొప్పి. ఆపరేషన్లన్నీ అనవసరం అని నేను అనట్లేదు. క్యాన్సర్ ఉంటే, ఏ మందుకూ ఆగని రక్తస్రావం ఉంటే తీయాల్సి రావచ్చు. కానీ మన రాష్ట్రం ఆడవాళ్ళ గర్భసంచులు మాత్రమే దేశమంతటి కంటే రెండింతలకు మించి పాడైపోయాయా?

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఈ జబ్బు గర్భసంచి బయట ఉంటుంది. బయట ఉన్న జబ్బును వదిలేసి గర్భసంచి ఒక్కటే తీసేస్తే నొప్పి మిగిలిపోవచ్చు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే వయసు మీదపడక ముందే ముట్లుడిగిపోతాయి. ఎముకలు బలహీనమవుతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. కూలి చేసుకుని బతికే మనిషికి ఎముకలే ఆస్తి. ఆ ఆస్తి పోతుంది.

ఈ విషయం మీద సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. నరేంద్ర గుప్తా అనే ప్రజారోగ్య వైద్యుడు వేసిన కేసు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద స్త్రీలకు అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారని ఆయన కోర్టుకు వెళ్ళాడు. 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. అనవసర ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని కోర్టు చెప్పింది. జిల్లా స్థాయిలో కూడా ఈ ఆపరేషన్ల మీద కన్నేసి ఉంచే కమిటీ ఉండాలి. ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి ప్రారంభమైంది ఆ తెల్లారే. రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒకదానితో ఒకటి కలిశాయా? ఏలూరు జిల్లా కమిటీలో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు, నలభై ఏళ్ళలోపు వాళ్ళకు ఈ జిల్లాలో ఎన్ని ఆపరేషన్లు అయ్యాయి? ఈ మూడు ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద మనం అడగొచ్చు. దరఖాస్తు ఫీజు పది రూపాయలు. డిగ్రీ చదివినవాళ్ళు ఇంతమంది ఉన్నాం, ఒక్క దరఖాస్తు రాయలేమా?

ఇక రిఫర్ చేయడం గురించి. "పెద్దాసుపత్రికి వెళ్ళండి" అని నోటిమాటగా చెప్పడం రిఫర్ చేయడం కాదు. ఏలూరు వెళ్ళిరావాలంటే మనకు ఒక రోజు కూలి పోతుంది. తోడు ఒకరు రావాలి, వాళ్ళ కూలి కూడా పోతుంది. అక్కడికెళ్ళాక ఏ గదికి వెళ్ళాలో తెలియదు, ఏం చెప్పాలో తెలియదు. చేతిలో కాగితం లేకపోతే కథ మొత్తం మొదటి నుంచి చెప్పాలి. సిగ్గుతో సగం చెబుతుంది, మళ్ళీ అదే ఐరన్ మాత్ర. ఇంకోసారి వెళ్ళదు. ఇవన్నీ దాటి వెళ్ళినా, అక్కడ ఏం తేలిందో పంపిన పిహెచ్‌సి డాక్టరుకు తిరిగి తెలియదు. తన అనుమానం నిజమో కాదో ఆయనకు తెలియకపోతే రేపు ఇంకో అమ్మాయిని ఎలా గుర్తుపడతాడు?

మన మండలానికి ఇంకో ఇబ్బంది ఉంది. బుట్టాయగూడెం, పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు అంటే ఏజెన్సీ. కె.ఆర్.పురం ఐటీడీఏ ఉంది. అక్కడి వైద్యం కూడా అంతంతమాత్రమే, కానీ కనీసం అడగడానికి ఒక ఆఫీసు ఉంది. కామవరపుకోట మైదానం. ఇక్కడి కోయలు, ఎరుకలవాళ్ళు, యానాదులు ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నా ఏజెన్సీ లెక్కలోకి రారు. కొల్లేరు వైపు చేపల చెరువుల మీద పనికి పోయే మన కుటుంబాలు అసలు ఏ లెక్కలోకీ రావు. ఆర్నెల్లు ఒకచోట, ఆర్నెల్లు ఇంకోచోట ఉండేవాళ్ళకు ఏ డాక్టరు ఫ్యామిలీ డాక్టరు? పోలవరం ముంపు నుంచి తాడువాయి లాంటి కాలనీలకు వచ్చిన అక్కలు పాత ఊళ్ళో ఉన్న ఆశా అక్కను, నర్సమ్మను, ఆకుమందు ఇచ్చే పెద్దావిడను అందరినీ ఒక్కసారే పోగొట్టుకున్నారు. ఇల్లు పోతే ప్యాకేజీలో రాశారు. తెలిసిన మనిషి పోతే ఎందులో రాశారు?

అందుకని మనం ఏం అడగాలో నేను ఒకటొకటిగా చెబుతాను.

ఒకటి. విలేజ్ క్లినిక్‌లో కడుపు నొప్పితో వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఐదు ప్రశ్నలు అడగాలి. నెలసరి నొప్పి వల్ల పని గానీ, బడి గానీ మానేస్తున్నావా? నెలసరి లేని రోజుల్లో కూడా పొత్తికడుపు నొప్పి ఉంటోందా? ఆ రోజుల్లో దొడ్డికి వెళ్ళినా మూత్రానికి వెళ్ళినా నొప్పి పెరుగుతోందా? పెళ్ళయినవాళ్ళయితే, భర్తతో కలిసినప్పుడు లోపల నొప్పి వస్తోందా? పిల్లల కోసం ఏడాదికి పైగా ఎదురుచూస్తున్నారా? దీనికి రెండు నిమిషాలు చాలు, యంత్రం అక్కర్లేదు. అమ్మకు, అక్కకు ఇలాగే ఉందా అని కూడా అడగాలి, ఎందుకంటే ఈ జబ్బు ఒకే ఇంట్లో ఎక్కువమందికి ఉండే అవకాశం ఉంది. డాక్టరు మగాయన అయితే ఈ ప్రశ్నలు క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పి అక్క గానీ, ఏఎన్ఎం అమ్మ గానీ ముందే పక్కకు తీసుకెళ్ళి అడిగి కాగితం మీద రాసిపెట్టాలి. అత్త, మొగుడు బయట కూర్చోవాలి.

రెండు. అనుమానం ఉంటే పిహెచ్‌సిలోనే మందు మొదలుపెట్టాలి. నొప్పి మాత్ర, నొప్పి ముదిరాక కాకుండా మొదలవుతుండగానే వేసుకోవాలి. పిల్లలు వెంటనే వద్దనుకునేవాళ్ళకు హార్మోన్ మాత్రలు చాలామందిలో పనిచేస్తాయి. కుటుంబ నియంత్రణ కోసం ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ మాత్రలు, అంతర ఇంజక్షను కూడా ఈ కోవలోవే. అవి అందరికీ పడవు. బీపీ ఉన్నవాళ్ళు, నెత్తురు గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్ళు, ఇంకా కొందరు కొన్ని రకాలు వాడకూడదు. అందుకే డాక్టరు చూసి ఇవ్వాలి, షాపులో కొనుక్కోకూడదు. పెళ్ళికాని పిల్లకు ఆ మాత్ర ఇస్తే ఊరు ఏదో అనుకుంటుందని భయం. అది గర్భం రాకుండా ఇచ్చే మాత్ర మాత్రమే కాదు, నొప్పికి మందు కూడా అని చెప్పాల్సిన బాధ్యత ఆశా అక్కది, మనది.

మూడు. మూడు నెలల్లో తగ్గకపోతే, లేదా పిల్లలు కలగకపోతే, లేదా స్కానింగ్‌లో గడ్డ కనబడితే గైనకాలజిస్టు దగ్గరికి కాగితంతో పంపాలి. ఆ కాగితంలో నొప్పి ఎన్నేళ్ళ నుంచి, ఏమేం మందులు వాడారు, డాక్టరు అనుమానం ఏమిటి అని మూడు వాక్యాలు ఉండాలి. "ఎండోమెట్రియోసిస్ అనుమానం" అనే రెండు మాటలు ఆ కాగితంలో ఉంటే అవతల డాక్టరు చూసే చూపే మారిపోతుంది. ఏలూరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడ వారానికి ఒకరోజు ఈ నొప్పుల కోసం ఓపీ పెట్టమని అడుగుదాం. పంపినవాళ్ళకు తిరిగి కబురు రావాలి.

నాలుగు. నలభై ఏళ్ళలోపు మనిషికి గర్భసంచి తీయాలంటే రెండో డాక్టరు మాట తప్పనిసరి చేయాలి. ఎందుకు తీస్తున్నారో, తీయకుండా వేరే దారి ఏముందో, అండాశయాలు ఉంచుతున్నారో లేదో తెలుగులో రాసివ్వాలి. కోయ మాట్లాడేవాళ్ళకు కోయలో చెప్పాలి. వేలిముద్ర వేయించుకోవడాన్ని ఒప్పుకోవడం అనరు.

ఐదు. ఆశ్రమ పాఠశాలల్లో, కస్తూర్బా బడుల్లో చదివే పిల్లల దగ్గరికి ఇది వెళ్ళాలి. ఈ నొప్పి చాలామందిలో మొదటి నెలసరుల నుంచే మొదలవుతుంది. నెలనెలా మూడు రోజులు హాజరు పడని పిల్లను వార్డెన్ తిడుతోంది. ఆ హాజరు పట్టీ చూస్తే మన జబ్బు చిరునామా దొరుకుతుంది. డాక్టరు బడికి వచ్చిన రోజు ఎత్తు, బరువుతో పాటు ఈ ప్రశ్న కూడా అడగాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. మనం చేయాల్సినవి కూడా ఉన్నాయి.

అక్కలూ, చెల్లెళ్ళూ, ఇంట్లో గోడ మీద క్యాలెండరు ఉంటుంది కదా. దాని మీద రాయండి. ముట్టు వచ్చిన రోజు ఒక చుక్క. నొప్పి ఉన్న రోజు ఒక గీత. నొప్పితో పనికి వెళ్ళలేని రోజు ఒక సున్నా. చదువు రాకపోయినా రాయొచ్చు. మూడు నెలలు రాసి, ఆ కాగితాలు చింపి డాక్టరు ముందు పెట్టండి. మాట రాకపోయినా ఆ కాగితం మాట్లాడుతుంది. రెండు నిమిషాలే ఉన్న డాక్టరుకు కూడా అది పనికొస్తుంది. ఒక హెచ్చరిక. నెలసరి తప్పి ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, నొప్పితో జ్వరం వచ్చినా, నెత్తురు ఆగకుండా పోతున్నా క్యాలెండరు చూసుకుంటూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అన్నదమ్ములకు ఒక మాట. బండి నడపడం మీకొచ్చు, ఫోన్లో వెతకడం మీకొచ్చు. ఆసుపత్రికి తోడు వెళ్ళండి. ఆమె డాక్టరుతో మాట్లాడేటప్పుడు బయట నిలబడండి. ఇంటికొచ్చాక ఆ మూడు రోజులు నీళ్ళు మీరు మోయండి. "మా అమ్మ ఓర్చుకోలేదా" అని మాత్రం అనకండి. మీ అమ్మ ఓర్చుకుంది, ఎందుకంటే ఆమెను ఎవరూ అడగలేదు.

పెద్దమ్మలకు చేతులు జోడించి చెబుతున్నాను. మీరు మీ నొప్పిని దాచుకుని బతికారు, పిల్లల్ని పెంచారు. ఆ ఓర్పుకు దండం. కానీ దాన్ని మనవరాళ్ళకు ఆస్తిగా ఇవ్వకండి. "అందరికీ ఉండేదేగా" అనే మాట ఇకనుంచి మన గూడేల్లో వినబడకూడదు. నెలసరిలో కొంచెం నొప్పి చాలామందికి ఉంటుంది. మనిషిని మంచాన పడేసే నొప్పి మామూలు కాదు, దానికి వైద్యం కావాలి.

మన ఇళ్ళల్లో పులి పాదం చూసి ఎటు పోయిందో చెప్పే తాతలు ఉన్నారు. వాళ్ళు పులిని చూడలేదు, గుర్తు చూశారు. ఈ జబ్బు కూడా అంతే, కంటికి కనబడదు, గుర్తు వదిలి వెళ్తుంది. ఆ గుర్తును డాక్టరుకు చూపించే బాధ్యత మనది, చూసి నమ్మే బాధ్యత ఆయనది.

ఈ నెలలో 104 బండి వచ్చే రోజు కనుక్కోండి. మన ఊరి నుంచి ఐదుగురు అక్కలు, ఐదుగురు చెల్లెళ్ళు ఈ ఐదు ప్రశ్నలు రాసుకుని కలిసి వెళ్దాం. కాగితం మెడికల్ ఆఫీసరు చేతికి మర్యాదగా ఇద్దాం, అందినట్టు సంతకం తీసుకుందాం. సమాచార హక్కు దరఖాస్తు రాయడానికి ఎవరు వస్తారో మీటింగ్ అయ్యాక నా దగ్గర పేరు ఇవ్వండి.

జల్, జంగల్, జమీన్ మనవి అంటున్నాం. మన ఒళ్ళు కూడా మనదే.

జోహార్ ఆదివాసీ. జై ఆదివాసీ.